సరిహద్దు అవతలి దగ్గు

ఏప్రిల్ 11, శుక్రవారం

ఈరోజు కూడా ఆటలో ఆ పాకిస్తాన్ వాడే తగిలాడు. నిన్న నా పసుపు కాయను సరిగ్గా ఇంటి గడప ముందు కొట్టినవాడే. పేరు అతీక్. మా అమ్మాయి సరిత నా ఫోన్‌లో ఈ లూడో పెట్టిపోతూ "బాపూ, జర పొద్దుపోతది" అన్నదే కాని, పొద్దుతోపాటు పరువు కూడా పోతుందని చెప్పలేదు.

ఈ ఆటలో ఒకచోట నొక్కితే అవతలివాడి గొంతు వినబడుతుంది. ఇవాళ పొరపాటున నొక్కాను. గొంతు రాలేదు. దగ్గు వచ్చింది.

దగ్గుల సంగతి నాకు తెలుసు. బీడీ దగ్గు పైపైన గీరుతుంది. జలుబు దగ్గు తడిగా ఉంటుంది. ఇది అలాంటిది కాదు. బొగ్గు నిండిన తొట్టిని ఎత్తు మీదికి లాగుతున్నట్టు అడుగు నుంచి ఆగి ఆగి వచ్చేది. గనిలో మైనింగ్ సర్దార్‌గా నేను నడిపిన షిఫ్టుల్లో పనిచేసినవాళ్ళు సగం మంది ఇప్పుడు ఇలాగే దగ్గుతారు.

"ఖదాన్?" అని అడిగాను, గనా అని.

"హా జీ. కోయలా. చక్వాల్" అన్నాడు. బొగ్గుగనే, చక్వాల్ వాళ్ళ ఊరట. మీకెలా తెలిసిందన్నాడు. నాదీ బొగ్గుగనే అన్నాను. దేవుడు కనబడినట్టు "అచ్ఛా!" అని అరిచాడు. అరిచినందుకు మళ్ళీ దగ్గాడు. మరి మీకు దగ్గు లేదా అని అడిగాడు.

లేదన్నాను. నిజంగానే లేదు. మణుగూరులో దుమ్ము ఎక్కువ, అంతే.

ఆట ఓడిపోయాను. ఎండ కళ్ళలో పడింది.

ఏప్రిల్ 14

నా ఉర్దూ చాలడం లేదని పక్కింటి జానీ మియాను పిలిచాను. జానీ పరుపులు, దిండ్లు కుట్టి అమ్ముతాడు. వాళ్ళ నాన్న కూడా అదే పని. మా ఇంట్లో ప్రతి దిండూ వాళ్ళ చేతిదే.

జానీ చొక్కా సర్దుకుని, ఏదో సభలో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు. అతీక్ ఓపికగా అంతా విన్నాడు. విని, మీ స్నేహితుడు తెలుగు చాలా బాగా మాట్లాడుతున్నారన్నాడు.

జానీ ముఖం చూడాలి! "మా తాత ముత్తాతల సంది మాట్లాడే ఉర్దూ అన్నా ఇది! నక్కో అంటే వద్దని తెల్వదా ఆయనకు? ఆయనదే ఉర్దూ గాదు, పంజాబీ!"

నేను నవ్వలేదు. నవ్వితే ఆయాసం వస్తుంది. అంటే, మర్యాద కాదని.

ఏప్రిల్ 17

ఆట మధ్యలో అతీక్ వెనకాల ఒక ఆడగొంతు లేచింది. ఏ భాషో ఏమో, మాటకూ మాటకూ మధ్య సందు లేదు. అతీక్ గొంతు చిన్నబోయింది.

మా ఆవిడ సమ్మక్క వంటింట్లోంచి కత్తిపీట వదిలిపెట్టి వచ్చింది. "ఆమె ఏమంటున్నదో చెప్పనా? మందు వాడినవా అంటున్నది. వాడిన అని అబద్ధం చెప్తున్నడు. డబ్బా చూపియ్యమంటున్నది."

"నీకు పంజాబీ ఎప్పుడొచ్చింది?" అన్నాను.

"పంజాబీ దేనికి? పెళ్ళయింది గద."

నమ్మక, గోడ మీదుగా జానీ భార్య జహీదాను పిలిచి వినమన్నాను. జహీదా విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అక్క చెప్పిందే అన్నా. ఛాతీకి పీల్చే పంపు ఇచ్చిండంట డాక్టరు. ఆయన దాన్ని పెట్టెల దాచిండంట."

సమ్మక్క నా వైపు చూసింది. నేను పెరట్లో మోటారు సంగతి చూడటానికి వెళ్ళాను. మోటారు బాగానే ఉంది. అయినా చాలాసేపు చూశాను.

ఏప్రిల్ 19

ఆట ఆడదామని ఫోన్ వెతికితే సమ్మక్క దగ్గర ఉంది. ఆ అతీక్ భార్య పేరు మెహర్. ఈమె తెలుగులో, ఆమె పంజాబీలో. మధ్యలో జహీదా కూర్చుంది గాని ఆమెకు పని తగల్లేదు. విషయం మామిడికాయ పచ్చడి.

ఉన్నట్టుండి సమ్మక్క లేచి నిలబడింది. "ఏందీ? ఆవనూనె పోస్తరా? మామిడికాయల?" అంటూ గుండె మీద చెయ్యి వేసుకుంది. అవతల నుంచి పల్లీనూనె మీద అలాంటి అరుపే వచ్చింది.

రెండు దేశాల మధ్య తగాదా ఎందుకు తెగడం లేదో నాకు ఇవాళ కొంత అర్థమైంది.

ఏప్రిల్ 23

నిన్న కశ్మీర్‌లో చూడటానికి వెళ్ళినవాళ్ళను కాల్చి చంపారు. మతం అడిగి మరీ చంపారట. టీవీలో కొత్తగా పెళ్ళయిన అమ్మాయి, భర్త పక్కన అలా కూర్చుని ఉంది. సమ్మక్క టీవీ కట్టేసింది. అన్నం అలాగే ఉంది.

జానీ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పోయేటప్పుడు "ఆళ్ళ చేతులిరగ" అన్నాడు.

ఆట తెరవలేదు.

ఏప్రిల్ 24

అతీక్ నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. వినలేదు.

సాయంత్రం ఇంట్లో ప్రకటించాను. ఈ క్షణం నుంచి ఈ ఇంటికీ పాకిస్తాన్‌కూ ఏ సంబంధమూ లేదు. ఆట లేదు, మాట లేదు, పచ్చడి లేదు.

సమ్మక్క అంతా విని "ఉల్లిగడ్డలు తెమ్మంటే తేలేదేంది?" అంది.

ఏప్రిల్ 28

మెసేజ్ ఇంకా వినలేదు. తుడిచేద్దామనుకున్నాను. ఎలా తుడిచేయాలో తెలియదు. సరితను అడగొచ్చు. ఆమెకు డ్యూటీ ఉంటుంది, ఇబ్బంది పెట్టడం ఎందుకు.

మే 1

జానీ నాలుగైదు రోజులుగా మా అరుగు ఎక్కడం లేదు. నేనే వెళ్ళాను. దుకాణం తలుపు సగం వేసి లోపల దూది కూరుతున్నాడు. అడగ్గా అడగ్గా చెప్పాడు. చెంచురామయ్య టీకొట్టులో పదిమంది ముందు చెంచురామయ్య అడిగాడట: "ఏం జానీ, మీవాళ్ళు ఏమంటున్నరు? బార్డర్ కాడికి ఎప్పుడొస్తరంట?" అందరూ నవ్వారట.

"ఊకె అన్నడు తియ్యి, మస్కిరి" అన్నాను.

"నేను గూడ నవ్విన అన్నా. నవ్వకుంటే ఏమనుకుంటరో అని" అన్నాడు జానీ. "నీ ఫోన్ల నా గొంతున్నది గద, దాన్ని తీసెయ్. నువ్వు మాట్లాడితే ఆట అంటరు. నేను మాట్లాడితే కేసంటరు."

చెంచురామయ్యను అడగాలి. రేపు అడుగుతాను. ఇవాళ ఎండ ఎక్కువ.

మే 2

ఎండ ఎక్కువ.

మే 4

టీకొట్టు దాకా వెళ్ళాను. ఆ వీధిని ఈ మధ్య ఎత్తు చేసినట్టున్నారు. మధ్యలో కల్వర్టు మీద కూర్చోవలసి వచ్చింది. కూర్చున్నాక, ఆవేశంగా మాట్లాడటం పెద్దమనిషికి తగదనిపించి తిరిగి వచ్చాను.

మే 7

యుద్ధం. మనవాళ్ళు తెల్లవారేలోగా కొట్టి వచ్చారు. పొద్దున లేచి టీవీకి దండం పెట్టాను. హైదరాబాదులో సైరన్లు మోగించి కసరత్తు చేయిస్తారట. మణుగూరును మరచిపోయారు. మాకు బొగ్గుంది, కరెంటు తయారవుతుంది, శత్రువు మమ్మల్ని వదులుతాడా? నేనే పూనుకుని కిటికీలన్నిటికీ నల్ల కాగితం అంటించాను. ఆ పనికి మధ్యాహ్నం వరకూ పట్టింది, మధ్యమధ్య ఆగి దేశం గురించి ఆలోచించాను కాబట్టి.

"దీపం పెడితే బయటికి కనబడొద్దు" అని చెప్పాను.

"ఎండ లోపలికి రావట్లే. మంచిగున్నది" అంది సమ్మక్క.

టీవీలో ఒకడు ఆ దేశంలో ఊరి తర్వాత ఊరు కూలగొడుతున్నాడు. పటం చూపించారు. లేచి దగ్గరికి వెళ్ళి బొటనవేలితో కొలిచాను. ఆ ఎర్ర మంటల బొమ్మలకూ చక్వాల్‌కూ మధ్య నా వేలు పట్టేంత ఖాళీ ఉంది. సైనిక పరిజ్ఞానం కోసం కొలిచాను. వేరే ఏమీ లేదు.

"మెహర్ వాళ్ళ ఊరు ఏ దిక్కు?" అని అడిగింది సమ్మక్క.

"నాకేం తెలుసు" అన్నాను. వేలు ఇంకా టీవీ మీదే ఉంది.

మే 9 (దవాఖానా)

సమ్మక్క భోంచేయడానికి పోయింది. ఈ సందులో నిన్నటిది రాయాలి.

నిన్న పొద్దున టీకొట్టుకు వెళ్ళాను. జానీ కూడా అక్కడే ఉన్నాడు, తొక్కుడు బండి మీద పరుపు పెట్టుకుని ఎవరికో ఇవ్వడానికి పోతూ, టీ తాగకుండా పోతే ఏమనుకుంటారోనని ఆగినట్టున్నాడు. చెంచురామయ్య గ్లాసు ఇస్తూ మళ్ళీ అన్నాడు: "జానీ, నీ బండి మీద తెల్లజెండా పెట్టుకో, మావోళ్ళు పొరపాటున ఏసేస్తరు."

నేను లేచాను. "చెంచురామయ్యా! నువ్వు పుట్టింది వీళ్ళ నాయన కుట్టిన పరుపు మీదనే గదరా! ఎవడు మీవోడు, ఎవడు మావోడు..."

తర్వాతి వాక్యం చాలా గొప్పది. ఇంటి దగ్గరే తయారుచేసుకుని వెళ్ళాను. చెప్పడానికి గాలి లేకపోయింది. నోరు తెరిస్తే దగ్గు వచ్చింది. అడుగు నుంచి, ఆగి ఆగి. గని లోపల గాలి ఆడనిచోట దీపం ఎలా కుంగుతుందో అలా కళ్ళ ముందు వెలుగు కుంగింది.

లేచేసరికి బండి మీద, మెత్తటి కొత్త పరుపు మీద ఉన్నాను. జానీ తొక్కుతున్నాడు. నా తల చెంచురామయ్య ఒడిలో ఉంది, టీ వడగట్టే గుడ్డతో విసురుతున్నాడు.

"జానీ, జల్దీ!" అంటున్నాడు చెంచురామయ్య ఏడుస్తూ. "గట్లనే మా నాయన గూడ... జల్దీ పోనీ నాయనా!"

"పోతున్న! నువ్వు దిగి నూకరాదు!" అని అరిచాడు జానీ. చెంచురామయ్య దిగి నెట్టాడు. ఇన్నేళ్ళలో జానీ ఒకరి మీద అరవడం నేను వినలేదు. ఆ స్థితిలో కూడా సంతోషమనిపించింది.

దవాఖానా గేటు దగ్గర జానీ నా చెవిలో అన్నాడు: "అన్నా, ఇది పెళ్ళోళ్ళ పరుపు. జర కక్కకు."

మే 9, సాయంత్రం

డాక్టరు పిల్లవాడే, కాని గొంతు పెద్దది. పోయినసారి రాసిచ్చిన పంపు ఏదని అడిగాడు. నేను గోడ వైపు చూశాను. "డబ్బా గూడ ఇప్పలే సారూ, బియ్యంల దాచిండు" అని సమ్మక్క చెప్పేసింది. బియ్యంలో దాచింది తనకెలా తెలుసో అడుగుదామనుకుని, ఈ ఇంట్లో బియ్యం ఎవరు కొలుస్తారో గుర్తొచ్చి ఊరుకున్నాను.

డాక్టరు పోయాక సమ్మక్క కొంగులోంచి నా ఫోన్ తీసి దానితో మాట్లాడటం మొదలుపెట్టింది. "అవ్ మెహరూ, కళ్ళు తెరిసిండు. అవ్, సేమ్ మీ ఆయనే. దాచుడే."

నిలదీశాను. సంబంధాలు తెంచుకున్నామా లేదా?

"నువ్వు తెంచుకున్నవు. నన్నెవడు అడిగిండు?"

ఒక్కరోజు కూడా మానలేదట! నేను కిటికీలకు నల్ల కాగితం అంటిస్తుంటే ఈమె వంటింట్లో శత్రుదేశానికి పచ్చడి కొలతలు పంపుతోంది.

జహీదా వచ్చింది. అతీక్ నా కోసమే ఒక మెసేజ్ పంపాడని, దాన్ని ఆపి ఆపి తెలుగులో చెప్పింది. అతీక్ మాటలు గుర్తున్నంతవరకు:

"సర్దార్ జీ, మీకు దగ్గు లేదని చెప్పినప్పుడే నాకు తెలుసు. అలా చెప్పడం నాకూ వచ్చు. గనిలో అందరికన్నా పెద్ద బండ ఎత్తినవాణ్ణి, జేబులో పంపు పెట్టుకుని తిరగడమేమిటని దాన్ని పెట్టెలో పడేశాను. ఇప్పుడు మా గేదె దగ్గరికి వెళ్ళాలన్నా మధ్యలో కూర్చుంటున్నాను. అందుకే పంపు వాడుతున్నా. ముందు ఊపిరంతా బయటికి వదలండి. అప్పుడు పీల్చండి. పీల్చి, పెళ్ళాం తిడుతున్నప్పుడు ఆగినట్టు కాసేపు ఆగండి. ఇక్కడ కరెంటు లేదు. పైన ఏవో ఎగురుతున్నాయి. మీవో మావో తెలియడం లేదు. మెహర్ రెండింటినీ తిడుతోంది."

జహీదా ఆ చివరిమాట చెప్పలేక నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

అందరూ బయటికి వెళ్ళాక ఆ పాత మెసేజ్ విన్నాను, ఏప్రిల్ నాటిది. చిన్నదే. నా ఉర్దూకు అర్థమైనంత: "సర్దార్ జీ, ఆ అమ్మాయిని టీవీలో చూశాం. మెహర్ అన్నం తినలేదు. ఏం చెప్పాలో తెలియడం లేదు. మీరు మాట్లాడకపోయినా నేనేమీ అనుకోను."

ఆ తర్వాత దగ్గు. చాలాసేపు. ఆపడం మరచిపోయినట్టున్నాడు.

పంపు పీల్చాను. ముందు ఊపిరి వదిలి, పీల్చి, ఆగి.

మే 10, శనివారం

సాయంత్రం యుద్ధం ఆగిందన్నారు. వార్డంతా టీవీ కిందికి చేరింది. నాకు మూతికి మాస్కు పెట్టి మందు పొగ పట్టిస్తున్నారు. అప్పుడే సమ్మక్క వీడియో కాల్ కలిపింది. తెర మీద ఒక ముసలాయన, తెల్లటి మీసం, మూతికి మాస్కు. అతీక్‌ను చూడటం ఇదే మొదలు. నాకంటే నల్లగా ఉంటాడనుకున్నాను. పాకిస్తాన్ వాళ్ళు తెల్లగా ఉంటారనేది నిజమే, కాని ఆ కళ్ళ అంచుల్లో నల్లటి బొగ్గు గీత ఉంది, ఎంత కడిగినా పోనిది. నాకూ ఉంది.

ఇద్దరం మాట్లాడలేం. చెయ్యి ఎత్తాను. అతనూ ఎత్తాడు. తర్వాత అతను రెండు వేళ్ళతో గెలుపు గుర్తు చూపించాడు.

ఇదేమిటి? గెలిచింది మేము! నేను రెండు చేతులతోనూ చూపించాను. అతను తల అడ్డంగా ఊపాడు. నేను మాస్కు తీసి "హమ్ జీతే!" అన్నాను. అతనూ మాస్కు తీసి ఏదో అన్నాడు. ఇద్దరికీ ఒకేసారి దగ్గు అందుకుంది. ఇక్కడ నర్సమ్మ, అక్కడ మెహర్, ఎవరి మనిషిని వాళ్ళు తిట్టి మాస్కులు పెట్టారు. సమ్మక్క ఫోన్ తన వైపు తిప్పుకుంది. మాకు ఇక అవకాశం రాలేదు.

జానీ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. తెరకు కనబడనంత దూరంలో.

మే 12

ఇంటికి వచ్చాను. నాకు దగ్గు ఉంది. బొగ్గు దగ్గు. రాశాను కదా, ఇక రోజూ రాయక్కర్లేదు.

చెంచురామయ్య వచ్చాడు. జానీ దుకాణం ముందు చాలాసేపు నిలబడి, లోపలికి పోలేక మా ఇంటికి వచ్చాడు. "ఊకె నోటికొచ్చి అంట అన్నా నేను. గాయన గట్ల మనసుల పెట్టుకుంటడని..."

"నాకు చెప్పుడెందుకు? ఆ తలుపు తట్టు" అన్నాను.

తట్టాడు. ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు. గోడ దగ్గరికి వెళ్ళి కూడా ప్రయత్నించాను. కాసేపటికి చెంచురామయ్య తన చేతులతో జానీకి, జహీదాకు టీ తెచ్చి ఇచ్చి పోయాడు. చక్కెర ఎక్కువ వేశాడని జానీ తర్వాత ఫిర్యాదు చేశాడు.

మే 15

పడుకుంటే ఊపిరి ఆడడం లేదని చెబితే, తల ఎత్తుగా పెట్టి పడుకోమన్నాడు డాక్టరు. జానీ ఇవాళ ఒక దిండు తెచ్చాడు. నడుము దగ్గర పలచగా మొదలై తల దగ్గరికి వచ్చేసరికి గుట్టంత ఎత్తు. లోపల బూరుగు దూది, పినపాక అవతలి ఊళ్ళ నుంచి తెప్పించాడట. ఆనుకుంటే ఎవరో వెనక కూర్చుని పట్టుకున్నట్టే ఉంది.

సమ్మక్క వెంటనే దాన్ని ఫోటో తీసి పంపింది. వెంటనే కాల్ వచ్చింది. అతీక్‌కూ పడుకుంటే ఊపిరాడదట, రజాయిలు ఒకదాని మీద ఒకటి పేర్చి కూర్చునే నిద్రపోతాడట. ఇలాంటిది ఎలా కుట్టాలని మెహర్ అడిగింది.

సమ్మక్క చెప్పబోయింది. దిండు కుట్టడం ఆమెకేం తెలుసు! జహీదా జానీ వైపు చూసింది. నేను చూడలేదు. చూస్తే ఒత్తిడి చేసినట్టుంటుంది.

జానీ గుమ్మం దాకా వెళ్ళి వీధి అటూ ఇటూ చూశాడు. వెనక్కి వచ్చి ఫోన్ తీసుకున్నాడు. లోపలి గదిలోకి పోతాడనుకున్నాను. అరుగు మీదికి వెళ్ళి, వీధి వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.

"దేఖో బీబీ" అని మొదలుపెట్టాడు. "దూది అదిమి కూరద్దు, నక్కో! ఊపిరి పీల్చుకోవాలె దిండు గూడ!"

నక్కో మెహర్‌కు అర్థం కాలేదు. జానీ గొంతు పెంచాడు. అర్థం కానివాళ్ళకు గట్టిగా చెబితే అర్థమవుతుందని మా కాలనీలో అందరి నమ్మకం. వీధి చివరిదాకా వినబడింది. సైకిళ్ళ మీద పోయేవాళ్ళు ఆగారు. చెంచురామయ్య టీ కెటిల్‌తో పోతూ ఆగి "ఎవరితోని జానీ?" అన్నాడు.

నేను దిండు వదిలి లేచి కూర్చున్నాను.

"పాకిస్తాన్‌తోని" అన్నాడు జానీ, ఫోన్ చెవి నుంచి తీయకుండా. "ఆళ్ళకు దిండు కుట్టుడు రాదు."

చెంచురామయ్య కెటిల్ కింద పెట్టాడు. "మా నాయన బతికుంటే ఆయనకు గూడ ఒకటి కుట్టమందును" అన్నాడు. తర్వాత ఫోన్ వైపు వంగి, "అమ్మా, ఈయన చెప్పినట్టు చెయ్యి, మంచిగ కుడ్తడు" అని తెలుగులో అరిచాడు.

మే 18

మెహర్ దిండు కుట్టిందట. కొలతలు తప్పాయని జానీ నిన్నంతా చిరాకు పడ్డాడు. అయినా అతీక్ రాత్రంతా పడుకునే నిద్రపోయాడట. చాలా నెలల తర్వాత.

అయితే మెహర్‌కు నిద్ర లేదు. గురక. దాన్ని రికార్డు చేసి పంపింది. పొద్దున ముందు గదిలో అందరం కూర్చుని విన్నాం. ముందు రాయి దొర్లినట్టు, తర్వాత కూత వేసినట్టు. మంచి గురకే, కాదనను.

"గిదొక గురకనా?" అని సమ్మక్క నాది వినిపించింది. నాకు తెలియకుండా ఎప్పుడో రికార్డు చేసింది! అది కూడా పంపేసిందట! నా అభ్యంతరం ఎవరూ వినలేదు. ఏది పెద్దదో తేల్చమని జహీదాను అడిగారు. ఆమె కళ్ళు మూసుకుని రెండూ రెండుసార్లు విని, "అల్లా మీద ఆన, పాకిస్తాన్‌దే" అంది.

దుకాణంలో దూది ఏకుతున్న జానీ ఆ మాట విని, నెత్తి నిండా దూదితో పరుగెత్తుకొచ్చాడు. "ఎట్లెట్ల? మళ్ళ పెట్టు! అన్నదే పెద్దది!"

ఇంకా పెడుతూనే ఉన్నారు.